ఉపశమనం వేరు, నయం వేరు

‘ఉపశమించు’ అంటే తీవ్రత తగ్గడం. బాధ పూర్తిగా పోయిందని ఈ మాట చెప్పదు, ఉన్న బాధే నెమ్మదించిందని చెబుతుంది. శాంతించడాన్ని తెలిపే ‘శమ్’ అనే సంస్కృత ధాతువుకు ‘ఉప’ చేరి ఏర్పడిన మాట ఇది. శాంతి, శమనం కూడా ఆ ధాతువు నుంచే వచ్చాయి.

తెలుగులో ఇది అకర్మక క్రియ. నొప్పి ఉపశమిస్తుంది. ‘మాత్ర నొప్పిని ఉపశమించింది’ అనడం పొరపాటు, ‘ఉపశమింపజేసింది’ అనాలి. అంత పొడుగు మాట ఎందుకనుకుంటే ‘మాత్రతో నొప్పి తగ్గింది’ అనవచ్చు. నిజానికి అదే బాగుంటుంది. ఇంకో సంగతి: ఉపశమించేది బాధ, మనిషి కాదు. ‘రోగి ఉపశమించాడు’ అనకూడదు, ‘రోగికి ఉపశమనం కలిగింది’ అనాలి.

ఈ మాటకూ ‘నయం’ అన్నదానికీ ఉన్న దూరం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను కుంగదీస్తోంది. పాడైన కిడ్నీ చేయలేని పనిని డయాలసిస్ కొంతవరకు చేసిపెడుతుంది. ఒంట్లో పేరుకున్న మలినాలను, ఎక్కువైన నీటిని తీసేస్తుంది. వాపు, ఆయాసం తగ్గుతాయి. రెండు మూడు రోజులు గడిచేసరికి రోగి మళ్లీ ఆ యంత్రం దగ్గరికి చేరాల్సిందే. అందుకే అది ఉపశమనం. దాన్ని ‘నయమైంది’ అని చెబితే రోగి డయాలసిస్ మానేసే ప్రమాదం ఉంది. అక్కడి పలాసలో 2023 డిసెంబరు 14న పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అలాంటి చోట రోగితో ఆడే ప్రతి మాటా తూచి ఆడాల్సిందే.

తుపానుకు ఉపశమనం నప్పదు, అది ‘బలహీనపడుతుంది’. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో గంటకు 140–150 కిలోమీటర్ల గాలులతో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. వాతావరణ శాఖ కొలతలో గాలివేగం 62 కిలోమీటర్లకు చేరితే తుపాను. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 31 నుంచి 49 వరకు వాయుగుండం. బలహీనపడిందంటే గాలి ఓ మెట్టు దిగిందనే అర్థం. వాన తెరిపి ఇస్తుందని కాదు, వంశధార, నాగావళి నదులు పొంగవనీ కాదు.

మిగతావాటికి ఇంటిమాటలే ఉన్నాయి. జ్వరం తగ్గుముఖం పడుతుంది, కోపం చల్లారుతుంది. ప్రభుత్వం ఆంక్షలు సడలిస్తుంది, న్యాయస్థానం శిక్ష తగ్గిస్తుంది.