మక్కా ఎండకు లెక్క కట్టిన విధం

"గురువుగారూ, ఎడారిలో ఎండ కాయడం వింతా?" అని మా తెలుగు తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. 2024 జూన్ హజ్ యాత్ర మాట వచ్చింది. ఆ నెల 17న మక్కాలోని పెద్ద మసీదు వద్ద 51.8 డిగ్రీల ఎండ. యాత్రలో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది.

మంచి ప్రశ్నే. ఎడారి ఎండ పాతదే. అందులో కొత్తగా చేరినది ఎంత అన్నదే శాస్త్రజ్ఞుల వెదుకులాట.

మన తాతలు పనిచేసిన చెరకు తోటలు తలచుకోండి. ఎరువు వల్ల చెరకు ఎంత పెరిగిందో తెలియాలంటే, ఎరువు వేయని మడి పక్కన ఉండాలి. భూమికి పక్క మడి లేదు గదా! అందుచేత బొగ్గు, పెట్రోలు పొగ చేరని భూమిని కంప్యూటరులో లెక్కలతో కట్టి, మన భూమితో పోల్చి చూస్తారు.

మరొక దారి పాత రికార్డులు. 'క్లైమామీటర్' అనే పరిశోధకుల బృందం ఆ దారినే పట్టింది. గాలి ఒత్తిడి ఆ జూన్‌లో వలెనే ఉన్న పాత రోజులను వెదకి, ఇటీవలి రోజులతో పోల్చింది. వాతావరణం ఒకే తీరుగా ఉన్నా, ఇప్పుడు వేడి 2.5 డిగ్రీల వరకు ఎక్కువని తేలింది. దీనికి ముఖ్య కారణం మనుషుల వల్ల మారిన వాతావరణమేనని వారు తేల్చారు.

అయితే మరణాలకు ఆ డిగ్రీలొక్కటే కారణం కాదు. మరణించినవారిలో 83 శాతం అనుమతి లేని యాత్రికులనీ, సరైన నీడ లేక ఎండలో చాలా దూరం నడిచారనీ ప్రభుత్వమే చెప్పింది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ అంకె.

హజ్ ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. కొన్నేళ్ళు చలికాలంలో పడుతుంది. తిరిగి ఆగస్టు ఎండల్లోకి ఎప్పుడు వస్తుందో ఆ పిల్లవాడే బల్ల మీద లెక్క కట్టాడు: 2050 ప్రాంతంలో.