రక్తపోటు రోగికి గృహ పరిచర్య

రక్తనాళముల గోడలపై రక్తము కలిగించు ఒత్తిడియే రక్తపోటు. వేర్వేరు దినములలో చూచినను 140/90 లేక అంతకు మించి యున్నచో అధిక రక్తపోటుగా పరిగణింతురు. పలువురిలో ఏ బాధయు కనిపించదు. కావున "తలనొప్పి లేదు గదా" యని మాత్రలు మానరాదు.

కొలుచు విధానము: అరగంట ముందునుండి కాఫీ, టీ, పొగ కూడదు. మూత్రవిసర్జన అయిన పిదప రోగిని వీపునకు ఆనిక యుండునట్లు కూర్చుండబెట్టి, 5 నిమిషములు విశ్రాంతి నీయవలెను. పాదములు నేలపై ఆనవలెను. చేయి గుండె మట్టమున నుండవలెను. మాటలాడించరాదు. నిమిషము వ్యవధితో రెండుసార్లు కొలిచి, తేదీ, వేళలతో వ్రాసి వైద్యునకు చూపవలెను.

పథ్యము: దినమునకు ఉప్పు 5 గ్రాములకు లోపుగా, అనగా సుమారు ఒక చిన్న చెంచా మాత్రమే యుండవలెను. ఊరగాయలు, అప్పడములు, వడియములు తగ్గింపవలెను. సైంధవ లవణమందును సోడియము గలదు. దానినీ మితముగనే వాడవలెను.

మూలికలు: దగ్గునకు వాడు అతిమధురము రక్తపోటును పెంచును, ఈ రోగులకు ఈయరాదు. సర్పగంధ రక్తపోటును తగ్గించునని డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించిరి. కాని అది తీవ్రమైన మనోవ్యాకులతను కలిగింపగలదు. వైద్యుని సలహా లేక వాడరాదు.

జాగ్రత్తలు: మాత్రలు వాడువారు దిగ్గున లేచిన తల తిరిగి పడిపోవచ్చును. పడకపై కొంతసేపు కూర్చుండబెట్టి నెమ్మదిగా లేపవలెను.

మూతి వంకరపోయినను, మాట తడబడినను, ఒక ప్రక్క చచ్చుబడినను, ఛాతీ నొప్పి, ఆయాసము కలిగినను, అంకె యెంతయైనను, గృహవైద్యముతో కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.