చలనచిత్రములు: ఫిల్మా? డిజిటలా?

2009వ సంవత్సరములో ఛాయాగ్రహణమునకు ఆస్కార్ బహుమతి పొందిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ చిత్రములో అధిక భాగము డిజిటల్ కెమెరాలతో తీసినది. ఫిల్ము కాలము తీరినదని అప్పుడు చాలమంది అనుకొనిరి. 2012లో కోడక్ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. చలనచిత్రములు తీయుటకు వాడు ఫిల్ము తయారీని మానుకొనుచున్నట్లు ఫ్యూజీ సంస్థ ఆ సంవత్సరమే ప్రకటించెను. కాని 2024లో అదే ఆస్కార్ బహుమతి ‘ఓపెన్‌హైమర్’కు లభించినది. ఆ చిత్రము ఫిల్ముపై తీసినది. దానికొరకు కోడక్ వారు 65 మిల్లీమీటర్ల వెడల్పుగల నలుపు తెలుపు ఫిల్మును ప్రత్యేకముగా తయారు చేసి ఇచ్చిరి.

కనుక వాదము ముగియలేదు. సాధారణముగా ఈ వాదము తెరమీది బొమ్మ అందమును గురించి జరుగును. అంతకంటె పెద్ద ప్రశ్న ఇంకొకటి కలదు. తీసిన బొమ్మ ఎన్నాళ్లు నిలుచును? దానికి సమాధానము తెలియవలెనన్న, ఈ రెండు పద్ధతులలో వెలుతురు ఎట్లు పట్టుబడునో ముందు చూడవలెను.

ఫిల్ము అనగా పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ. దానిపై జిలెటిన్ పూత ఉండును. ఆ పూతలో సిల్వర్ బ్రోమైడు మొదలగు వెండి లవణముల స్ఫటికములు చెదరి ఉండును. స్ఫటికముపై కాంతి పడినపుడు బ్రోమైడు అయాను నుండి ఒక ఎలక్ట్రాను ఊడివచ్చును. దానిని వెండి అయాను గ్రహించి వెండి పరమాణువుగా మారును. ఇట్టి పరమాణువులు ఒకచోట నాలుగైదు చేరిన చాలును; డెవలపర్ ద్రావణములో ముంచినపుడు ఆ స్ఫటికమంతయు వెండిగా మారిపోవును. నాలుగైదు పరమాణువుల గుర్తును పట్టుకొని కోట్లకొలది పరమాణువులు మార్పు చెందుట ఇందలి విశేషము. వెలుతురు సోకని స్ఫటికములను హైపో ద్రావణము కరిగించివేయును. మిగిలిన నల్లని వెండియే నెగెటివు. రంగుల ఫిల్ములో వెండిని కూడ తొలగింతురు. దాని స్థానమున ఏర్పడిన రంగు ద్రవ్యములు మిగులును.

డిజిటల్ కెమెరాలో ఫిల్ము ఉండవలసిన చోట ఒక సిలికాను పలక ఉండును. దానిపై చదరంగపు బల్లమీది గళ్లవలె, లక్షలకొలది సూక్ష్మమైన గడులు వరుసలు తీరి ఉండును. పడిన కాంతికి తగినన్ని ఎలక్ట్రానులు ప్రతి గడిలోను చేరును. సెకనుకు 24 పర్యాయములు వానిని కొలిచి, ఆ కొలతను అంకెగా వ్రాసికొనుటయే డిజిటల్ పద్ధతి. గడికి రంగు తెలియదు. అందుచేత ఒక్కొక్క గడిపై ఎరుపు, ఆకుపచ్చ, నీలములలో ఏదో ఒక రంగు వడపోతను అమర్చెదరు. ఈ అమరికకు 1976లో పేటెంటు పొందిన బ్రైస్ బేయర్ కోడక్ సంస్థవాడే. 1975లో తొలి డిజిటల్ కెమెరాను తయారు చేసిన స్టీవెన్ సాసన్ కూడ ఆ సంస్థ ఇంజనీరే! ఫిల్ము అమ్మి బ్రతికిన ఇంటిలోనే ఫిల్మునకు పోటీ పుట్టినది.

తెరమీద కనబడు తేడాలన్నియు పై వివరముల నుండియే పుట్టును. సిలికాను గడి ఒక కడవ వంటిది. నిండిన తరువాత పోసిన నీరు లెక్కకు రాదు. అందువలన మిక్కిలి వెలుగుగల ఆకాశము, దీపము మొదలగునవి వివరములు పోయి తెల్లని మరకలుగా కనబడవచ్చును. ఫిల్ములోని స్ఫటికములు అన్నియు ఒక పరిమాణము గలవి కావు. పెద్దవి త్వరగా, చిన్నవి ఆలస్యముగా గుర్తు పడును. కనుక వెలుతురు ఎక్కువైనను బొమ్మ మెల్లమెల్లగానే తెల్లబారును. చీకటిలో మాత్రము డిజిటల్‌దే పైచేయి. నాలుగైదు పరమాణువులు చేరనిదే స్ఫటికములో గుర్తు నిలువదు. గడిలో చేరిన కొద్ది ఎలక్ట్రానులనైనను కొలువవచ్చును. వెండి నలుసులు ఒక్కొక్క బొమ్మలో ఒక్కొక్క తీరుగా పడుటచే ఫిల్ము బొమ్మ సన్నగా కదలుచున్నట్లుండును. అది కొందరికి ఇంపు, కొందరికి కంపు. దానిపై తగవు పడుటవలన ప్రయోజనము లేదు.

ఇక నిలకడ సంగతి. రెండు గంటల చిత్రమునకు 35 మిల్లీమీటర్ల ఫిల్ము 10,800 అడుగులు పట్టును. అందులో 1,72,800 బొమ్మలుండును. అదే చిత్రమును అడ్డముగా 4,096, నిలువుగా 2,160 గడులుగల పలకపై తీసి, గడికి 12 బిట్ల చొప్పున వ్రాసికొన్నచో, బొమ్మ ఒక్కంటికి 1 కోటి 32 లక్షల బైట్లు దాటును. మొత్తము సుమారు 2,300 గిగాబైట్లు. ఇది తుది కూర్పు లెక్క మాత్రమే. తీసి వదలిన భాగములు ఇందుకు అనేక రెట్లు ఉండును. ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచే చేయింపవచ్చును.

ఫిల్ము చిరంజీవి యని భ్రమపడరాదు. తొలినాటి నైట్రేటు ఫిల్ము మంటకు పుట్టినిల్లు. 2003 జనవరిలో పూణెలో జరిగిన అగ్నిప్రమాదమున జాతీయ చలనచిత్ర భాండాగారమునకు చెందిన నైట్రేటు ప్రతులెన్నో కాలిపోయినవి. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము వేడిమికి, తేమకు చెడి వెనిగర్ వాసన కొట్టును. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లముది. మన వాతావరణములో ఈ చేటు మరింత త్వరగా వచ్చును. వెండి కొరకు పాత ఫిల్మును కరిగించి అమ్ముకొన్నవారును కలరు. 1931 నాటి ‘ఆలం ఆరా’ గాని, 1932 నాటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ గాని నేడు చూడ దొరకవు.

అయినను ఫిల్మునకు ఒక గుణము కలదు. సగము చెడినను మిగిలిన సగము కంటికి కనబడును. సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’ మొదలగు మూడు చిత్రముల నెగెటివులు 1993లో లండనులో అగ్నికి గురియైనవి. ఆ కాలిన చుట్టలను ఇటలీలోని బొలోన్యా నిపుణులు ద్రావణములతో మెత్తబరచి, చిరుగులు అతికి, స్కాను చేసిరి. పనికిరాని భాగములకు ఇతర ప్రతులను వాడిరి. 2015లో ఆ చిత్రములు తిరిగి తెరకెక్కినవి.

అంకెల తీరు వేరు. 1998లో ‘టాయ్ స్టోరీ 2’ తయారగుచుండగా, పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో కంప్యూటరులోని చిత్రభాగములు చాలవరకు చెరిగిపోయినవి. అదనపు ప్రతి ఉంచిన టేపులు కూడ సరిగా పనిచేయలేదు. ఒక ఉద్యోగిని ఇంటిలో పనికొరకు ఉంచుకొన్న ప్రతి వలన ఆ చిత్రము దక్కినది. టేపు చెడకపోయినను దానిని చదువు యంత్రము మారిపోవును. 2017లో వచ్చిన ఎనిమిదవ తరము ఎల్‌టీఓ యంత్రము తన టేపును, ఏడవ తరము టేపును మాత్రమే చదువగలదు. కావున కొన్ని ఏండ్లకొకసారి అన్నిటిని క్రొత్త టేపులకు ఎక్కించుచుండవలెను. 2007లో ఆస్కార్ అకాడమీ ప్రచురించిన నివేదికలో ఒక చిత్రమును ఫిల్ముపై భద్రపరచుటకు ఏడాదికి 1,059 డాలర్లు, డిజిటల్ రూపమున భద్రపరచుటకు 12,514 డాలర్లు ఖర్చగునని లెక్కవేసిరి. నిల్వ పరికరముల ధరలు అటుతరువాత తగ్గినవి గాని, కాపలా పని తగ్గలేదు.

డిజిటల్ ప్రతికి సాటిలేని సుగుణము ఒకటి కలదు. నూరవ ప్రతియు మొదటి ప్రతి వలెనే ఉండును. ఫిల్ముకు ప్రతి తీసిన ప్రతిసారియు కొంత పదును తగ్గును. ఈ రెండు గుణములను కలుపుకొను మార్గము కూడ ఏర్పడినది. డిజిటల్ కెమెరాతో తీసిన చిత్రమును సైతము కొన్ని హాలీవుడ్ సంస్థలు ఎరుపు, ఆకుపచ్చ, నీలములుగా విడదీసి, మూడు నలుపు తెలుపు ఫిల్ములపై అచ్చువేసి దాచుచున్నవి. రంగు ద్రవ్యములవలె వెండి వెలిసిపోదు. అడుగున ఉన్న పాలియెస్టరు పట్టీ చల్లని పొడి గదిలో వందల ఏండ్లు నిలుచునని అంచనా. ఆ మూడింటిని చదువుటకు ఒక దీపము, ఒక కటకము ఉన్న చాలును.