కాంటా వెనుక నుండు పిన్నులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల రైతు సోదరులకు కాంటా యననేమో చెప్పవలసిన పనిలేదు. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు ఎడమకాలువకు నీరు విడిచినది మొదలు ఈ సీమ వరిసీమ యైనది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి కెక్కినది. ఆరుగాలము శ్రమించి పండించిన ధాన్యము లారీ నెక్కి కాంటాపై నిలిచినప్పుడు గదిలో నొక యంకె వెలుగును. ఆ యంకెయే మనకు రూపాయలగును. కాని ఆ యంకె కాంటా క్రిందినుండి గదిలోని కెట్లు వచ్చుచున్నదో మనలో విచారించువారు తక్కువ. అది కొన్ని పిన్నుల మీదుగా వచ్చును. ఆ పిన్నులు చెడినచో తూకము చెడును. కావున వానిని గూర్చి కొంత వ్రాయుచున్నాము.

పలు తీగెల నొక్కచో గలుపుటకును, కావలసినప్పుడు విడదీయుటకును వాడు సాధనమే కనెక్టరు. కాలువపై నొక్కొక్క తూము ఒక్కొక్క పంటకాలువకు నీరిచ్చునట్లు, ఇందొక్కొక్క పిన్ను ఒక్కొక్క తీగెకు దారి యిచ్చును. లారీ కాంటాల యందు ముఖ్యముగా రెండు చోట్ల ఇట్టి కలయికలు గలవు. ఈ రెంటికిని గల భేదమును రైతు గ్రహింపవలెను.

మొదటిది కాంటా క్రిందినుండి తూకపు పెట్టెకు వచ్చునది. కాంటా పలక క్రింద లోడుసెల్లులను ఉక్కుదిమ్మెలుండును. బరువు పడగానే అవి కంటికి గానరానంత వంగును. ఆ వంపును బట్టి వానినుండి వచ్చు విద్యుత్తు మారును. ఈ విద్యుత్తు మిక్కిలి స్వల్పము. లోడుసెల్లునకు 10 వోల్టు లిచ్చినచో, పూర్తి బరువు మోసినప్పుడు సాధారణముగా దాని నుండి తిరిగి వచ్చునది 20 మిల్లీవోల్టులు మాత్రమే. 60 టన్నుల కాంటాను 10 కిలోల మెట్లుగా విభజించినచో 6000 మెట్లగును. అనగా నొక్క మెట్టునకు దక్కునది, వోల్టును 3 లక్షల పాళ్లు చేసినచో అందొక పాలు. ఇంతటి సూక్ష్మమైన దానిని మోయు పిన్నుపై ఊకదుమ్ము చేరి, వానచెమ్మ తగిలి, చిలుము పట్టినచో నేమగునో ఆలోచింపుడు.

రెండవది తూకపు పెట్టెనుండి కంప్యూటరునకు బోవునది. పలుచోట్ల ఇది తొమ్మిది పిన్నుల కనెక్టరు; పైవరుసన 5, క్రిందివరుసన 4. ఒకవైపు వెడల్పుగను, ఒకవైపు ఇరుకుగను ఉండుటచే తలక్రిందులుగా దూరదు. ఈ ఆకారమును అమెరికాలోని కేనన్ కంపెనీ 1952లో దెచ్చెను. దీనిపై నడచు ఆర్.ఎస్.-232 అను పద్ధతి 1960లో నేర్పడెను. మొదట 25 పిన్నులు వాడుచుండిరి. 1984లో ఐ.బి.ఎం. వారి ఏటీ కంప్యూటరుతో తొమ్మిది పిన్నులది వ్యాప్తి జెందెను. కాంటాకు వీనిలో మూడే చాలును: 2వ పిన్ను, 3వ పిన్ను రాకపోకలకు, 5వది రెంటికిని ఉమ్మడి. ఇందు 3 మొదలు 15 వోల్టుల వరకు గల బలమైన సంకేతములు నడచును. కావున ఇచ్చటి లోపము బరువును మెల్లమెల్లగా మార్చదు. అంకె రాకుండును, లేదా అర్థములేని గుర్తులు వచ్చును.

కనుక రెండవ కనెక్టరు చెడినచో పని యాగును. మొదటిది చెడినచో పని యాగదు, తూకమే తప్పగును. రైతునకు నష్టము కలిగించునది ఈ మొదటిదే.

కొందరు, "తప్పు నిండులారీకిని ఖాళీలారీకిని సమానమే గదా, తీసివేతలో పోవును" అందురు. తప్పు రెండు తూకముల నడుమ మారకున్నచో ఆ మాట నిజము. చెమ్మవలన గలుగు తప్పు నిలుకడగా నుండదు. నిండులారీకి 100 కిలోలు తక్కువ చూపి, ఖాళీలారీ నాటికి సరిపడినచో రైతు ఒక క్వింటాలు గోల్పోవును. 2025-26 సంవత్సరపు ఏ గ్రేడు ధాన్యపు మద్దతు ధర చొప్పున అది 2389 రూపాయలు. లోడుసెల్లునకు విద్యుత్తు నిచ్చు పిన్ను వదులైనచో తప్పు బరువును బట్టి పెరుగును. అది తీసివేతలో నసలే పోదు.

మేమొక వానకాలమున ఒక కాంటా యొద్ద నుండగా, పైన లారీ లేకయే అంకె 20, 40, మరల 10 అని తిరుగాడుచుండెను. గుమాస్తా సున్నా మీట నొక్కి పని సాగించుచుండెను. మరమ్మతుదారు వచ్చి విప్పిచూడగా పిన్నులు పచ్చగా చిలుము పట్టియుండెను. సున్నా మీట తప్పును గప్పునే గాని తీర్చదు.

కావున సభ్యులు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. లారీ ఎక్కకముందు అంకె సున్నాయై నిలుకడగా నున్నదో లేదో చూడుడు. దిగిన తరువాతను అట్లే చూడుడు.

2. తూకపు పెట్టెపై నంకెను, చీటీపై నంకెను సరిపోల్చుడు. కంప్యూటరునకు అంకె రానప్పుడు చేతితో గొట్టిన చీటీని మరింత జాగ్రత్తగా జూడుడు.

3. సందేహము గలిగినచో లారీని మరల నెక్కించి తూయ నడుగుడు. రెండు తూకములు కలియవలెను.

4. సంఘపు గుమాస్తాలు యంత్రము నాపిన తరువాతనే తొమ్మిది పిన్నుల కనెక్టరును దీయవలెను, పెట్టవలెను. రెండు మరలను బిగింపవలెను. ఆ తీగెను 15 మీటర్లకు మించనీయరాదు. క్రొత్త కంప్యూటరునకు ఈ రంధ్రము లేనిచో యు.ఎస్.బి. మార్పిడి తీగె చాలును. వేగము 2400 అయినను 9600 అయినను రెండు వైపుల నొకటే యుండవలెను.

5. సీలువేసిన పెట్టెను ఎవ్వరును స్వయముగా విప్పరాదు. లైసెన్సుగల మరమ్మతుదారుచే బాగు చేయించి, తూనికలు కొలతల శాఖవారిచే మరల ముద్ర వేయింపవలెను. 2009వ సంవత్సరపు తూనికల చట్టము ననుసరించి ఇట్టి కాంటాలకు 12 నెలల కొకసారి పరీక్ష జరుగవలెను. ఆ ముద్రను, తేదీని చూడనడుగుట రైతు హక్కు.

పాత కనెక్టరు గదాయని యంత్రమునే పారవేయ బనిలేదు. శుభ్రముగా నుంచినచో అది ఇంకను చాలకాలము పనిచేయును. విత్తనమును చేతబట్టి చూచిగాని చల్లని రైతు, కాంటాను చూడకయే చీటీ పుచ్చుకొనుట తగదు.