డిమెన్షియాగల వృద్ధులకు పగటి సంరక్షణ: మందిరపు హాలును సిద్ధపరచుట

డిమెన్షియా వయసుతో వచ్చే సాధారణ మతిమరుపు కాదు. మెదడు కణములు దెబ్బతినుటవలన జ్ఞాపకము, దిక్కు తెలియుట, నిర్ణయశక్తి క్రమేణ తగ్గిపోవు స్థితి అది. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారము మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతము, అనగా సుమారు 88 లక్షల మంది దీనితో జీవించుచున్నారు. పిల్లలు హైదరాబాదుకో గల్ఫుకో వెళ్లిన కోనసీమ ఇండ్లలో ఈ భారము తరచు వృద్ధురాలైన భార్యమీదనో ఒక్క కోడలిమీదనో పడుచున్నది. పగటివేళ కొన్ని గంటల విశ్రాంతి ఆమెకును అవసరమే.

రావులపాలెం వంటి ఊళ్లలో వారపు దినములలో ఖాళీగానుండు మందిరపు హాళ్లను ఇందుకు వాడవచ్చునని మేము తలంచుచున్నాము. అయితే తలుపు తెరచినంత మాత్రాన చాలదు. రోగి మరచినదానిని స్థలమే గుర్తుచేయవలెను.

కూర్చున్న చోటినుండి మరుగుదొడ్డి తలుపు కనబడవలెను. దానికి ప్రత్యేకమైన రంగు, పెద్ద అక్షరములు, బొమ్మ ఉండవలెను. నిగనిగలాడే నేల తడిగాను, నల్లని పట్టా గుంటగాను తోచవచ్చును గనుక నేల ఒకే లేతరంగులో, మెరుపు లేకుండ ఉండుట మేలు. ఫ్యాను రెక్కల నీడ కదలకుండ దీపములు అమర్చవలెను. అద్దములోని రూపమును పరాయి మనిషిగా భావించి భయపడువారికి అద్దము కప్పవలెను. తెల్లని పళ్లెములోని అన్నము సరిగా కనబడదు. అరటితోటల ఊరిలో పచ్చని ఆకు చవకైన పరిష్కారము. జాతీయ రహదారి, గోదావరి దగ్గరనే ఉన్నందున ఆవరణకు ప్రహరీ, లోపల తిరిగి మొదటికే చేరు నడకబాట కావలెను. తాళముకన్న బాట నయము. బియ్యము ఏరుట, పూలు గుచ్చుట వంటి అలవాటైన పనులు చేతికి అందునట్లు ఉంచవలెను.

టామ్ కిట్‌వుడ్ 1997లో ప్రచురించిన గ్రంథములో, డిమెన్షియాలోను మనిషి వ్యక్తిత్వము చుట్టూ ఉన్నవారి ఆదరణవలన నిలుచునని వాదించెను. జ్ఞాపకశక్తియే మనిషి విలువకు ఆధారమైనయెడల ఈ వృద్ధులకు విలువ లేనట్లే. యెషయా 46:4 తల నెరయువరకు ఎత్తుకొను దేవుని చూపుచున్నది. 49:15లో మరువనివాడు దేవుడే. కాబట్టి వారు మన విశ్వాసులైనను కాకున్నను ఈ పరిచర్య ఒకటే. తలంచుకొనలేనివారిని బోధకు అవకాశముగా చేసికొనరాదు. క్రైస్తవ వృద్ధులకు చిన్ననాటి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, ఇతరులకు వారి పాత పాటలు వినిపించవలెను.

ఈ ఏర్పాటు వ్యాధిని నయము చేయదు. భయమును, పడిపోవుటను తగ్గించగలదు. ఖర్చు లెక్కించకముందు సంఘ పెద్దలు ఆ హాలులో ఒక వృద్ధుని కుర్చీలో కూర్చుండి, మరుగుదొడ్డి ఎక్కడున్నదో ఎవరిని అడగకయే తెలియుచున్నదేమో చూడవలెను.