పసుపు పరీక్షకు నిలిచిందా?

పెరట్లో ఆడుకొంటున్న పిల్లవాడు రాతిమీద పడి, మోకాలు దోక్కుపోయి, ఏడుస్తూ ఇంట్లోకి పరుగెత్తుకు వస్తాడు. అమ్మమ్మ కంగారుపడదు. పోపులపెట్టె తీసి చిటికెడు పసుపు గాయంమీద అద్దుతుంది. మడమ బెణికితే పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తుంది. గొంతు నొప్పి అంటే వేడిపాలలో పసుపు, మిరియాలపొడి వేసి తాగిస్తుంది. ఇవేవీ ఆమె పుస్తకాలలో చదివినవి కావు. తల్లి చేయగా చూసి నేర్చుకొన్నవి.

ఆ తల్లుల వెనుక ఆయుర్వేదం ఉంది. పసుపును 'హరిద్ర' అని పిలిచి గాయాలకు, వాపులకు, చర్మవ్యాధులకు వాడమన్నది ఆ శాస్త్రం. అయితే ఎంతోకాలంగా వాడుతున్నారన్న మాట ఒక్కటే రుజువు కాజాలదు. దోక్కుపోయిన మోకాలు పసుపు అద్దినా మానుతుంది. అద్దకపోయినా చాలామట్టుకు మానుతుంది. మాన్పినది పసుపా, కాలమా? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం వెదకుతూ పరిశోధకులు అర్ధశతాబ్దికి పైగా శ్రమించారు. వారికి దొరికిన సమాధానం అమ్మమ్మను పూర్తిగా సమర్థించదు. పూర్తిగా కాదనదు కూడా.

వాపు నిజానికి శత్రువు కాదు. దెబ్బ తగిలినచోటికి, క్రిములు చొరబడినచోటికి రక్తం ఎక్కువగా ప్రవహించి, రక్షకకణాలు అక్కడికి చేరుకొంటాయి. అందువల్ల కలిగే ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. వైద్యులు దీనినే శోథ అంటారు. పని ముగియగానే శోథ చల్లారాలి. చల్లారకుండా ఏళ్ల తరబడి రగులుతూ ఉంటే శరీరం తన కీళ్లను తానే కాల్చుకొంటుంది. కీళ్లవాతంతో బాధపడేవారు వాడే నొప్పిమందులలో అనేకం కడుపులో పుండ్లు పుట్టిస్తాయి. కడుపును కాల్చకుండా కీళ్లను చల్లార్చే మందు కావాలి. పరిశోధకులు పసుపువైపు చూడడానికి ఇదొక ముఖ్యకారణం.

పసుపులోని పచ్చని పదార్థాన్ని 1815లో వోగెల్, పెల్లెతియే అనే శాస్త్రజ్ఞులు వేరుచేశారు. దానికి కుర్కుమిన్ అని పేరు. దాని రసాయన నిర్మాణం 1910లో తేలింది. కాని అది శరీరంలో ఏమి చేస్తుందో తేల్చడానికి చాలాకాలం పట్టింది. ఆ పని ముమ్మరంగా జరిగిన చోట్లలో ఒకటి లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ. గోమతీతీరాన నవాబుల కాలపు ఛత్తర్ మంజిల్ సౌధంలో ఆనాడు ఆ ప్రయోగశాలలు నడిచేవి. అక్కడి పరిశోధకులు శ్రీమల్, ధావన్‌లు కుర్కుమిన్‌ను పరీక్షించి 1973లో ఫలితాలు ప్రకటించారు.

శోథను పరీక్షించడానికి ఒక పేరుపొందిన పద్ధతి ఉంది. ఎర్రని సముద్రపు నాచునుంచి తీసే క్యారజీనన్ అనే పదార్థాన్ని ఎలుక వెనుకకాలి పాదంలోకి సూదితో ఎక్కిస్తారు. కొద్ది గంటలలో పాదం ఉబ్బుతుంది. ఎంత ఉబ్బినదీ కొలుస్తారు. ముందుగా మందు ఇచ్చిన ఎలుకల పాదాలను, ఇవ్వని ఎలుకల పాదాలను పోల్చి చూస్తారు. రెండింటికీ మధ్యనున్న తేడాయే ఆ మందు బలం. ఇక్కడ నమ్మకానికి తావులేదు. పాదం ఉబ్బినదా లేదా అన్నదే లెక్క.

ఈ పరీక్షలో కుర్కుమిన్ నెగ్గింది. అప్పట్లో కీళ్లనొప్పులకు విరివిగా వాడుతున్న ఫినైల్‌బ్యూటజోన్‌తో దానిని పోల్చారు. అప్పటికప్పుడు పుట్టిన వాపుమీద రెండూ దాదాపు సమంగా పనిచేశాయి. దీర్ఘకాలపు శోథలో మాత్రం కుర్కుమిన్ బలం సగమే. అయితే కడుపుకు చేసే హాని తక్కువ.

కాని ఎలుక మనిషి కాదు. 1980లో దేవధర్, సేఠీ, శ్రీమల్‌లు 18 మంది కీళ్లవాతపు రోగులపై జరిపిన పరీక్షను ప్రకటించారు. రోజుకు 1200 మిల్లీగ్రాముల కుర్కుమిన్‌ను 300 మిల్లీగ్రాముల ఫినైల్‌బ్యూటజోన్‌తో పోల్చారు. తాను మింగుతున్నది ఏ మందో రోగికి తెలియదు. పరీక్షించే వైద్యునికీ తెలియదు. ఉదయంపూట కీళ్లు బిగుసుకుపోవడం, వాపు కుర్కుమిన్‌తో తగ్గాయి, నడక మెరుగయింది. ఆశ కలిగించే ఫలితమే. అయినా 18 మందితో, స్వల్పకాలంలో ముగిసిన పరీక్ష తుదితీర్పు కాజాలదు.

1986లో సతోస్కర్, ఆయన సహచరులు శస్త్రచికిత్స తరువాతి వాపుమీద చేసిన పరీక్షలో మందులేని గుళికలను కూడా చేర్చారు. వైద్యునికి మంచి 'హస్తవాసి' ఉందని తెలుగువారు అంటారు. చూసుకొనే మనిషి చెంత ఉన్నాడన్న ధైర్యమే నొప్పిని కొంత తగ్గిస్తుంది. ఆ హస్తవాసిని మందు గుణంనుంచి విడదీసి చూడడానికే మందులేని గుళిక. ఈ పరీక్షలోనూ కుర్కుమిన్‌కు మంచి మార్కులే వచ్చాయి.

ఇంతలో పసుపు న్యాయవివాదంలోకి దిగింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడే విధానంపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయానికి పేటెంటు లభించింది. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, పసుపు వాడకాన్ని తెలిపే పాత రచనలను సాక్ష్యంగా చూపింది. వాటిలో 1953లో భారత వైద్యసంఘం పత్రికలో వచ్చిన వ్యాసం ఒకటి. 1997లో పేటెంటు రద్దయింది. దేశం సంతోషించింది. అయితే ఆ గెలుపు రుజువు చేసినది పసుపువైద్యం పాతదన్న సంగతినే. అది పనిచేస్తుందా అన్నది వేరు ప్రశ్న.

ఆ ప్రశ్నకు అసలు చిక్కు 1998లో బెంగుళూరు పరిశోధకుల పనిలో స్పష్టంగా కనబడింది. 2 గ్రాముల కుర్కుమిన్ మింగినవారి రక్తంలో అది దాదాపు కనిపించనే లేదు. కుర్కుమిన్ నీటిలో సరిగా కరగదు. రక్తంలోకి చేరిన కొద్దిపాటినీ కాలేయం, పేగులు వెంటనే మార్చివేస్తాయి. మిరియాలలోని పైపరీన్ 20 మిల్లీగ్రాములు చేర్చి ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. అమ్మమ్మ పాలలో పసుపుకు మిరియం తోడుగా ఉన్న సంగతి చాలామందికి గుర్తుకు వచ్చింది. కాని తొందరపడరాదు. పసుపుపొడిలో కుర్కుమిన్ సుమారు 3 శాతమే. 1980 నాటి రోగులు తీసుకొన్న 1200 మిల్లీగ్రాములకు దాదాపు 40 గ్రాముల పసుపు మింగాలి. ఏ ఇంటి కూరలోనూ అంత పసుపు పడదు.

తరువాతి ఏళ్లలో కుర్కుమిన్‌పై పరిశోధనలు వెల్లువెత్తాయి. సర్వరోగనివారిణి అన్న ప్రచారమూ పెరిగింది. అమెరికాలో ఒక ప్రముఖ పరిశోధకుని పత్రాలను అనేకం పత్రికలు ఉపసంహరించుకొన్నాయి. 2017లో కొందరు ఔషధ రసాయనశాస్త్రజ్ఞులు గట్టి హెచ్చరిక చేశారు: కుర్కుమిన్ పరీక్షనాళికలో అనేక పదార్థాలకు అంటుకొని, లేని గుణాన్ని ఉన్నట్లు చూపగలదు, రోగులమీద అది నిస్సందేహంగా నెగ్గిన పరీక్ష లేదు.

అయినా మోకాళ్లనొప్పి విషయంలో తలుపు పూర్తిగా మూసుకోలేదు. 2014లో థాయిలాండులో 367 మందిపై జరిగిన పరీక్షలో పసుపుసారం ఐబుప్రొఫెన్‌కు దాదాపు సరితూగింది. కడుపుబాధ తక్కువగా ఉంది. 2020లో ఆస్ట్రేలియాలో 70 మందిపై జరిపిన పరీక్ష మరింత ఆసక్తికరం. పసుపుసారం తీసుకొన్నవారికి మందులేని గుళికవారికంటె నొప్పి కొంత తగ్గింది. కాని ఎం.ఆర్.ఐ. చిత్రాలలో కీలులోని వాపు తగ్గిన జాడలేదు. ఏ వాపును తగ్గిస్తుందని పసుపు పేరుపొందినదో, ఆ వాపే తగ్గలేదు!

మరొక సంగతి మరువరానిది. 2019లో ఇటలీలోను, తరువాత అమెరికాలోను పసుపు గుళికలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యులు గుర్తించారు. రక్తంలోకి ఎక్కువగా చేరేటట్లు తయారుచేసిన వాటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లోపలికి చేరనంతకాలం మేలూ తక్కువే, కీడూ తక్కువే. చేరడం మొదలుపెట్టిన తరువాత రెండింటినీ లెక్కించక తప్పదు.

కూరలో వేసిన చిటికెడు పసుపును ఎవరూ పరీక్షకు నిలబెట్టనక్కరలేదు; అది ఆహారం. అదే పసుపు సారంగా మారి, గుళికగా సీసాలోకి చేరిన క్షణాన మందు అవుతుంది. అప్పుడు మందును అడిగే ప్రశ్నలన్నీ దానిని అడగాలి: ఎంత మోతాదు? ఎంతకాలం? ఏ ఇతర మందుతో పొసగదు? కాలేయజబ్బు ఉన్నవారు, రక్తం పలుచబరచే మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా దాని జోలికి పోరాదు. వారాలు గడిచినా తగ్గని కీళ్లవాపుకు పసుపుపట్టు వేసి కూర్చోవడం అమ్మమ్మ కూడా మెచ్చని పని.

ఇంతకూ పసుపు పరీక్షకు నిలిచిందా? ఎలుక పాదం వద్ద నిలిచింది. మనిషి మోకాలి వద్ద తడబడుతూ నిలుచుంది. పిల్లవాని గాయంమీద చిటికెడు పసుపు అద్దే అమ్మమ్మకు ఈ తీర్పుతో నిమిత్తం లేదు. సీసాలో గుళికలు కొనే మనుమనికి మాత్రం ఉంది.