లక్క గాజుల పని: పూర్తిగా నేర్పితేనే బతుకుదెరువు

లాడ్ బజార్‌లో పేరుమోసిన హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు లభించింది. లక్కను బొగ్గుల కుంపటిపై మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి కొసలు అతుకుతారు. వేడి ఉండగానే అద్దాలు, రాళ్లు ఒక్కొక్కటే పొదుగుతారు. చల్లారితే రాయి పట్టదు. మరీ కాగితే గాజు వంకరపోతుంది. ఆ అదను చేతికి అలవాటు కావలసిందే.

రాళ్లు పొదగడం ఒక్కటే వస్తే దక్కేది కూలి. కరిగించడం, వంచడం, కొలతకు తేవడం కూడా వస్తే సొంతంగా అమ్ముకోవచ్చు. జూబ్లీహిల్స్‌లో పెళ్లి గాజులు కొనేవారున్నారు. పక్కనే ఫిల్మ్‌నగర్ బస్తీల్లో పని కోరే ఆడపిల్లలున్నారు. కనుక దాతలకు మా మనవి: కుట్టుమిషన్లు ఇచ్చినట్టే కుంపటికీ, పొగ బయటికిపోయే గదికీ, నేర్పే ఉస్తాద్ జీతానికీ మీ సదకాలో చోటివ్వండి.